మనసులో మాట: ఎంత ఆలోచించినా తేలని సంగతులు

ఈసారి ఎంచుకున్న నాలుగు ఉత్తరాలూ పైకి 'ఓవర్‌థింకింగ్', అంటే అతిగా ఆలోచించడం గురించినవిగానే కనిపిస్తాయి. కానీ నాలుగింటిలో ఉన్న సమస్య ఒకటి కాదు. ఒకరు నిజంగానే ఆలోచనల్లో చిక్కుకుని అడుగు వేయలేకపోతున్నారు, ఒకరు పని చేస్తున్నామనుకుంటూ పనిని తప్పించుకుంటున్నారు, ఒకరిని చుట్టుపక్కలవారు అనవసరంగా ఆ మాట అంటున్నారు, ఇంకొకరికి కావలసింది సలహా కాదు, వైద్యం. మొదటి ఉత్తరంలాంటివి మాకు తరచుగా వస్తుంటాయి కనుక దానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ప్రశ్న: నా వయసు 36. ఎమ్మెస్సీ గణితం, బీఈడీ చదివాను. పెళ్లికి ముందూ, ఆ తర్వాత కొంతకాలమూ ఒక ప్రైవేటు హైస్కూల్లో తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెప్పాను. రెండో బాబు పుట్టాక మానేసి ఎనిమిదేళ్లయింది. ఇప్పుడు పిల్లలిద్దరూ బడికి వెళుతున్నారు. మా వారు 'నీ ఇష్టం' అంటున్నారు, అత్తయ్యగారు కూడా అడ్డు చెప్పడం లేదు. మా ఇంటికి దగ్గర్లో ఉన్న స్కూలు గేటుకు లెక్కల టీచరు కావలెనని బోర్డు కట్టారు. కరస్పాండెంటు గారికి పంపాలని వాట్సాప్‌లో మెసేజీ రాసుకుంటాను, దిద్దుకుంటాను, చెరిపేస్తాను. 2012లో పాసైన టెట్ (టీచరు అర్హత పరీక్ష) ఏడేళ్లకే చెల్లిపోయిందేమో, పాఠ్యపుస్తకాలు మారిపోయాయి కదా, పదో తరగతి పిల్లల ముందు తడబడితే ఏం కాను, జీతం ఎంత అడగాలి, చిన్నవాడికి జ్వరం వస్తే సెలవు ఇస్తారా అని ఒకటే గుంజాటన. రాత్రి మూడింటికి మెలకువ వస్తే తెల్లవారేదాకా ఇదే వరస. కాస్త ధైర్యం వచ్చాక వెళదామని ఆగుతున్నాను. ఈ ఆలోచనలు ఆపడం ఎలా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందుగా టెట్ సంగతి తేల్చేద్దాం. మొదట్లో ఆ అర్హతకు ఏడేళ్ల గడువు ఉన్న మాట నిజమే. అయితే 2021 జూన్‌లో కేంద్ర విద్యాశాఖ ఆ గడువును తీసివేసి, టెట్ జీవితకాలం చెల్లుతుందని ప్రకటించింది. 2011 నుంచి పాసైనవారికి కూడా దీన్ని వర్తింపజేసింది కనుక మీ 2012 నాటి సర్టిఫికెట్టు కూడా అందులోకే వస్తుంది. ఫోనులో ఐదు నిమిషాలు వెతికినా, తోటి టీచరును ఎవరినైనా అడిగినా దొరికే జవాబు ఇది. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. మీ ఆలోచనలు ఏ పని చేస్తున్నాయో, ఏ పని చేయడం లేదో ఈ ఒక్క సందేహంలో స్పష్టంగా కనిపిస్తోంది. రాత్రి మూడింటికి మీరు ఆ ప్రశ్నను తిప్పి తిప్పి చూశారే తప్ప పగలు పదింటికి దాన్ని ఎవరినీ అడగలేదు.

మిగిలిన సందేహాలను కూడా ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్కదాని పక్కన 'దీనికి జవాబు ఎవరి దగ్గర ఉంది?' అన్నది కూడా రాయండి. జీతం, సెలవులు అనే రెండింటికీ జవాబు కరస్పాండెంటు గారి దగ్గర ఉంది. పుస్తకాల్లో ఏం మారిందన్నది ఆ పుస్తకాల్లోనే ఉంది. మీ పెద్దవాడి స్కూల్లోనో, పక్కింట్లోనో పదో తరగతి లెక్కల పుస్తకం దొరక్కపోదు. పిల్లల ముందు తడబడతారా లేదా అన్నదానికి మాత్రం ఈ క్షణాన ఎవరి దగ్గరా జవాబు లేదు. అది మీరు చాక్‌పీసు పట్టుకుని బోర్డు ముందు నిలబడ్డాక మాత్రమే తెలిసే సంగతి. అంటే మీ సందేహాల్లో ఏ ఒక్కదానికీ మంచం మీద పడుకుని ఆలోచిస్తే జవాబు రాదు. మీరు ఎక్కువగా ఆలోచిస్తున్నారని నేననను. ఆలోచనతో తేలని ప్రశ్నలను ఆలోచనకు అప్పగిస్తున్నారని అంటాను.

మరి ఇంత పనికిరానిదైతే మనసు దీన్ని ఎందుకు వదలదు? ఆందోళన మీద దశాబ్దాలపాటు పరిశోధన చేసిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు థామస్ బోర్కోవెక్ దీనికి ఒక వివరణ ఇచ్చారు. ఇటువంటి ఆలోచన చాలావరకు మాటల రూపంలోనే సాగుతుంది. భయపడుతున్న దృశ్యాన్ని కళ్లకు కట్టినట్టు ఊహించుకుంటే గుండె దడదడలాడుతుంది. అదే విషయాన్ని మాటల్లో నెమరువేస్తుంటే ఆ దడ కొంత అణిగి ఉంటుంది. కనుక మనసు మాటల్లోకి పారిపోతుంది. పైగా మనం బెంగపడే వాటిలో ఎక్కువ భాగం జరగనే జరగవు. జరగనప్పుడు ఆ ఘనతను కూడా మనం బెంగకే కట్టబెడతాము: ముందే అంత ఆలోచించాను కాబట్టే గండం గడిచింది అనుకుంటాము. చెరిపేసిన ప్రతి మెసేజీ తర్వాత మీకు క్షణకాలం హాయిగా అనిపించి ఉంటుంది. మర్నాడు మళ్లీ అదే పని చేయించేది ఆ హాయే.

ఇది ఊరికే కాలయాపనతో పోయే వ్యవహారం కూడా కాదు. 1989 అక్టోబరులో కాలిఫోర్నియాలో పెద్ద భూకంపం వచ్చింది. దానికి కొద్దిరోజుల ముందే స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో సూసన్ నోలెన్-హోక్సెమా అనే శాస్త్రవేత్త, మనసు బాగోలేనప్పుడు ఏం చేస్తారని విద్యార్థులను అడిగి వివరాలు రాసుకుని ఉన్నారు. భూకంపం తర్వాత వారినే మళ్లీ పరిశీలిస్తే, తమ బాధనూ దాని కారణాలనూ పదే పదే తవ్వుకునే అలవాటు ముందునుంచీ ఉన్నవారిలో వారాలు గడిచినా కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. నెమరువేత ఎక్కువగా ఉన్నవారు మంచి పరిష్కారం కళ్లెదుట ఉన్నా దాన్ని చేపట్టడానికి వెనుకాడతారని తర్వాతి పరిశోధనలు కూడా చెప్పాయి. మీరు పంపకుండా చెరిపేస్తున్న మెసేజీ అటువంటిదే.

ఇక ధైర్యం వచ్చాక వెళతానన్న మాట. మీ ఉత్తరం మొత్తంలో నాకు అభ్యంతరం ఉన్నది ఈ ఒక్క వాక్యంతోనే. జపాన్‌కు చెందిన షోమా మొరిటా అనే మానసిక వైద్యుడు (1874–1938) తాను కూడా చిన్ననాటి నుంచి భయాలతో సతమతమైన మనిషే. ఆయన రూపొందించిన చికిత్సలో భయాన్ని ముందుగా తొలగించే ప్రయత్నమే ఉండదు. భావాలు మన ఆజ్ఞకు లోబడవు, చేతులూ కాళ్లూ లోబడతాయి. అందువల్ల భయాన్ని భయంగానే ఉండనిచ్చి, ఎదుట ఉన్న పనిని చేయమని ఆయన చెప్పారు. మీరు మొదటిసారి తొమ్మిదో తరగతి గదిలోకి అడుగుపెట్టిన రోజున ధైర్యంగా ఉన్నారా? ఉండి ఉండరు. పాఠం చెప్పగా చెప్పగా వచ్చింది. ఈసారి మాత్రం అది ముందుగానే రావాలని ఎందుకు పట్టుబడుతున్నారు?

చేయవలసిన పని చిన్నదిగా ఉండాలి, దానికి ఒక వేళ, ఒక చోటు ఉండాలి. పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు క్రిస్మస్ సెలవులకు ఇళ్లకు వెళుతున్న విద్యార్థులకు, పండుగ ఎలా గడిచిందో రెండు రోజుల్లోగా రాసి పంపమని ఒక పని అప్పగించారు. కొందరిని మాత్రం ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే నిర్ణయించుకోమన్నారు. మిగిలినవారితో పోలిస్తే వీరిలో సుమారు రెట్టింపు మంది సమయానికి పంపారు. మనసు గట్టిగా ఉన్నవారే పనులు చేస్తారనే మన నమ్మకం ఎంత తప్పో దీన్నిబట్టి తెలుస్తుంది. కాబట్టి 'ఈ వారంలో పంపుతాను' అనకండి. 'మంగళవారం పిల్లలను బస్సు ఎక్కించి ఇంట్లోకి రాగానే, చెప్పులు విడిచి, టిఫిను గిన్నెలు ముట్టుకోకముందే పంపుతాను' అనుకోండి. ఆ మెసేజీ కూడా ఇక్కడే రాసిపెడుతున్నాను, ఇక దిద్దే పని లేదు: 'నమస్కారమండీ. గేటు దగ్గర బోర్డు చూశాను. ఎమ్మెస్సీ గణితం, బీఈడీ, టెట్ ఉన్నాయి. పదో తరగతి వరకు లెక్కలు చెప్పిన అనుభవం ఉంది. డెమో క్లాసుకు ఎప్పుడు రమ్మంటారు?' ఎనిమిదేళ్ల ఖాళీ గురించి ఇందులో చెప్పలేదు. దాచమని కాదు, వారు అడిగినప్పుడు ఒక్క వాక్యంలో చెప్పండి: పిల్లల కోసం మానేశాను, ఇప్పుడు వీలు కుదిరింది. అడగకముందే సంజాయిషీ ఇచ్చుకోవడం మన ఆడవాళ్లకు చాలామందికి అలవాటైపోయింది.

డెమోకు పుస్తకమంతా తిరగేయనక్కర్లేదు. వర్గ సమీకరణాలో, త్రికోణమితిలో మొదటి పాఠమో, మీకు బాగా పట్టున్న ఒక్క అధ్యాయం తీసుకుని, గది తలుపు వేసుకుని పైకి గట్టిగా చెప్పండి. గోడకు వేలాడే క్యాలెండరు వెనకవైపైనా సరే, రాస్తూ చెప్పండి. మనసులో చెప్పుకున్న పాఠం ఎప్పుడూ బాగానే ఉంటుంది. గొంతు ఎక్కడ ఆగుతుందో, ఏ మెట్టు దగ్గర సూత్రం గుర్తుకు రావడం లేదో పైకి చెప్పినప్పుడే బయటపడుతుంది, అక్కడే సవరించుకోవచ్చు. డెమో బాగా రాకపోతే ఆ స్కూలు పోతుంది, అంతే. వేసవిలో కొత్త టీచర్ల కోసం చూసే స్కూళ్లు మీ ఊళ్లో అదొక్కటే కాదు. రెండో డెమోకు వెళ్లేది మాత్రం మొదటిది ఇచ్చి వచ్చిన మనిషి.

రాత్రి మూడింటి మెలకువకు బోర్కోవెక్ బృందం 1983లో పరీక్షించి చూపిన పద్ధతి ఒకటి ఉంది. ఆలోచించవద్దని మనసును కసరకుండా, రోజూ ఒకే వేళ, ఒకే చోట, అరగంట దానికే కేటాయించాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెరటి వైపు కుర్చీ ఒకటి అందుకు చాలు. పడక మాత్రం కాకూడదు. మిగతా సమయంలో బెంగ పుడితే ఒక్క ముక్క కాగితం మీద రాసి మధ్యాహ్నానికి వాయిదా వేయండి. మొదటి వారం ఇది హాస్యాస్పదంగా తోస్తుంది. తర్వాత, మధ్యాహ్నం కుర్చీలో కూర్చుని ఆ చీటీ చూస్తే, రాత్రి కొండంతగా కనిపించినదాని గురించి పది నిమిషాలు కూడా ఆలోచించలేకపోతారు.

మీ వారి 'నీ ఇష్టం' గురించి కూడా ఒక మాట. వినడానికి ఉదారంగా ఉన్నా, బరువంతా మీ మీదే ఉంచే మాట అది. చిన్నవాడికి జ్వరం వస్తే సెలవు స్కూలు ఇస్తుందా అని మీరు అడుగుతున్నారు. ఆయన ఆఫీసు ఇస్తుందా అని ఎవరూ అడగడం లేదు. ఇష్టాయిష్టాలు పక్కన పెట్టి, నెలలో ఏ ఏ రోజుల్లో ఇంటి బాధ్యత ఆయనది అన్నది మంగళవారానికి ముందే కూర్చుని మాట్లాడుకోండి. మీ సందేహాల్లో ఒకటి ఆ పూటే తీరుతుంది.

ప్రశ్న: నా వయసు 26. మాది కరీంనగర్ జిల్లా. హైదరాబాద్‌లో అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్-2కు చదువుతున్నాను. పొద్దున చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్తే రాత్రికే వస్తాను. ఏ పుస్తకం చదవాలో తేల్చుకోలేక టాపర్ల వీడియోలు చూస్తూ ఉంటాను, టైంటేబుల్ వేసి మారుస్తుంటాను. టెస్ట్ సిరీస్‌కు డబ్బు కట్టాను గానీ, సిలబస్ పూర్తయ్యాక రాద్దామని ఒక్క పేపరూ రాయలేదు. ఇంట్లో బాపు అడిగితే 'చదువుతున్నా' అంటున్నాను.
– ఒక అభ్యర్థి, హైదరాబాద్

జవాబు: మీరు బాపుకు అబద్ధం చెప్పడం లేదు, కానీ నిజం కూడా పూర్తిగా చెప్పడం లేదు. లైబ్రరీలో పన్నెండు గంటలు కూర్చోవడం, టైంటేబుల్‌కు రంగులు వేయడం, ఫలానా పుస్తకం కంటే ఫలానాది మేలని తర్జనభర్జన పడటం కూడా శ్రమే. అందుకే రాత్రి గదికి చేరేసరికి అలసట, కష్టపడ్డామన్న తృప్తి రెండూ ఉంటాయి. ఆ శ్రమలో మీకు ఎన్ని వచ్చు, ఎన్ని రావు అనేది తెలిసే సందర్భం ఒక్కటీ లేదు. దాన్ని తప్పించుకోవడానికే మిగతాదంతా నడుస్తోందని నా అనుమానం.

సిలబస్ అయ్యాక పరీక్ష అనే లెక్క తలకిందులుగా ఉంది. 2006లో రోడిగర్, కార్పికి అనే అమెరికన్ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు, కొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తుచేసుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవారే మెరుగు. వారం తర్వాత అడిగితే రాసినవారు బాగా ముందున్నారు. మీ పరీక్ష ఐదు నిమిషాల్లో లేదు కదా.

గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కొక్కటి 150 మార్కులు. రేపు ఉదయం పది నుంచి పన్నెండున్నర వరకు, ఫోను స్నేహితుడి చేతికిచ్చి, మొదటి పేపరు మొత్తం రాయండి. 50 వస్తాయో 60 వస్తాయో, ఎన్ని వస్తే అన్ని. తప్పులను మూడు రకాలుగా విడదీయండి: అసలు చదవనివి, చదివి మరిచినవి, తొందరలో తప్పు గుర్తు పెట్టినవి. ఏ పుస్తకం తీయాలన్న ప్రశ్నకు ఏ టాపర్ వీడియోకంటే మీ సొంత తప్పుల కాగితమే సూటిగా జవాబు చెబుతుంది. ఇప్పటికే కొన్న పుస్తకాలే చాలు, కొత్తవి కొనవద్దు. తర్వాత ప్రతి ఆదివారం ఒక పేపరు. వచ్చిన మార్కులను బాపుకు చెప్పండి. తక్కువైనా చెప్పండి. ఊళ్లో ఉండి డబ్బు పంపిస్తున్న మనిషికి ఆ అంకె తెలుసుకునే హక్కు ఉంది.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసి తొమ్మిది నెలలయింది. గ్రాట్యుటీ, కమ్యూటేషన్ (పింఛనులో కొంత భాగానికి బదులు ఒకేసారి తీసుకున్న) డబ్బు బ్యాంకు పొదుపు ఖాతాలోనే ఉంది. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి అందులో కొంత ఎఫ్ అండ్ ఓ (షేర్ల ధరలు ముందుముందు పెరుగుతాయో తగ్గుతాయో అంచనా కట్టి చేసే ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్) ట్రేడింగులో పెడదామంటున్నాడు. నేను వెనకాడితే 'నాన్నా, మీరు ఓవర్‌థింకింగ్ చేస్తున్నారు, మీనమేషాలు లెక్కపెడితే అవకాశం పోతుంది' అంటున్నాడు. ఇది నా మనసులోని లోపమేనా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, కర్నూలు

జవాబు: కాదు. 2024 సెప్టెంబరులో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, అంతకు ముందటి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓలో ట్రేడింగ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. ఆ కోటిమందికి పైగా ట్రేడర్లలో నష్టపోయినవారి సగటు నష్టం ఒక్కొక్కరికి సుమారు రెండు లక్షల రూపాయలు. పోతే తిరిగి సంపాదించే వయసు లేని మనిషి ఇటువంటి చోట వెనకాడటాన్ని వివేకమనే అంటారు. బడిలో డెమో క్లాసు పాడైతే ఇంకో బడి ఉంటుంది, ఈ డబ్బు పాడైతే ఇంకో గ్రాట్యుటీ రాదు. వెనక్కి తీసుకోగల నిర్ణయాలను త్వరగానూ, తీసుకోలేనివాటిని నిదానంగానూ చేయడమే నేను పాటించే పద్ధతి.

అయితే మీ ఉత్తరంలో మీవాడి మాట నిజమయ్యే చోటు ఒకటి ఉంది. తొమ్మిది నెలలుగా మొత్తం సొమ్మును పొదుపు ఖాతాలో వదిలేయడం మాత్రం నాన్చుడే. 60 ఏళ్లు దాటినవారికి పోస్టాఫీసులోనూ బ్యాంకుల్లోనూ సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీము ఉంది, గరిష్ఠంగా 30 లక్షల రూపాయల వరకు పెట్టవచ్చు, వడ్డీ మూడు నెలలకోసారి చేతికి వస్తుంది. కనీసం ఒక భాగాన్ని ఈ వారంలో అటు మళ్లించండి. మీ అబ్బాయికి మాత్రం 'నా డబ్బుతో వద్దు నాయనా' అని ఒక్కసారి స్పష్టంగా చెప్పండి. ఆలోచిస్తానని చెబితే అతను అడుగుతూనే ఉంటాడు.

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. రాత్రి పడుకునే ముందు గ్యాసు నాబ్‌నూ, తలుపు గడియనూ పదిసార్లు చూసినా నమ్మకం కుదరదు. 'కట్టేశాను కదా, నువ్వు చూశావా?' అని మమ్మల్ని లేపి అడుగుతుంది. ప్రయాణమైతే వీధి చివరి నుంచి వెనక్కి వస్తుంది. అతిగా ఆలోచించవద్దని నాన్నగారు కోప్పడుతున్నారు. ఏం చెబితే వింటుంది?
– ఒక కుమార్తె, విశాఖపట్నం

జవాబు: ఏం చెప్పినా వినలేని స్థితి ఇది. నాబ్ కట్టి ఉందని ఆమెకు తెలుసు. తెలిసినా సందేహం వదలదు, చూస్తే తప్ప ఊపిరి ఆడదు, చూసిన కాసేపటికి మళ్లీ మొదటికే వస్తుంది. ఓసీడీ అనే మానసిక సమస్యలో సాధారణంగా కనిపించే తీరు ఇది. నిర్ధారించవలసింది మాత్రం మానసిక వైద్యులే. కోప్పడటం వల్ల ఆమెకు సిగ్గు పెరుగుతుంది, లక్షణం తగ్గదు. 'కట్టే ఉందమ్మా' అని మీరు ప్రతిసారీ హామీ ఇవ్వడం కూడా, ప్రేమతో చేసేదే అయినా, ఆ చక్రాన్ని ఇంకోసారి తిప్పుతుంది. అలాగని రేపటినుంచి ఒక్కసారిగా జవాబు మానేసి ఆమెను వేధించకండి. ఎంతెంత, ఎలా తగ్గించాలో చికిత్సలో భాగంగా మీకూ నేర్పుతారు.

దీనికి మందులూ ఉన్నాయి, సందేహం వచ్చినా వెళ్లి చూడకుండా ఉండటాన్ని మెట్టుమెట్టుగా అలవాటు చేసే చికిత్సా ఉంది. రెండూ పనిచేస్తాయని చాలాకాలంగా నిరూపితమైనవే. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆసుపత్రి అనగానే ఆమె బెదిరిపోతే ముందుగా 14416కు ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ అది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. మొదటి ఫోను మీరే చేసి పరిస్థితి చెప్పండి, అమ్మ చేతికి ఆ తర్వాత ఇవ్వవచ్చు. నాన్నగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.